గొప్ప బాక్సరును తూచే తక్కెడ ఏది?



ఈ శీర్షికలో ఇంతవరకు పాటల గురించీ, పండగల గురించీ, మనం వదిలివచ్చిన ఊళ్ల గురించీ చెప్పుకున్నాం. ఈసారి కాస్త గుద్దులాట గురించి మాట్లాడుకుందాం. కంగారు పడకండి, మన సంఘం సర్వసభ్య సమావేశం గురించి కాదు! బాక్సింగు గురించి.

బాక్సింగు మాట వస్తే మన ఇళ్లలో మూడు తరాలు మూడు పార్టీలైపోతాయి. తాతగారు మహమ్మద్ అలీని మించినవాడు పుట్టలేదంటారు. నాన్నగారికి మైక్ టైసన్ తప్ప మరొకరు కనబడరు. మనవడు నెట్లో చూసి, "మేవెదర్ యాభై ఆడి యాభై గెలిచాడు తాతయ్యా, ఒక్కటీ ఓడలేదు. ఇంకా వాదనెందుకు?" అంటాడు. ముగ్గురి మాటా వింటూ వంటింట్లోంచి అమ్మాయి వచ్చి, "మన నిజామాబాదు నిఖత్ జరీన్ రెండుసార్లు ప్రపంచ విజేత కదా, ఆ పేరు ఎవరూ ఎత్తరేం?" అంటుంది. అప్పుడు ముగ్గురూ టీవీ వైపు తిరుగుతారు.

ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు తక్కెడ ఏదో తేల్చుకోవాలి. సర్వకాలాల్లోనూ గొప్ప అని ఒక బాక్సరును దేన్ని బట్టి అంటారు?

మనం ఉంటున్న ఈ కన్నడ గడ్డమీద ఈ ప్రశ్నకు పాత జవాబొకటి ఉంది. మైసూరు దసరాకు వెళ్లినవాళ్లు ఏనుగు అంబారీ చూసి వస్తారు గానీ, విజయదశమి పొద్దున ప్యాలెస్ లోపల జరిగే వజ్రముష్టి కాళగ సంగతి చాలామందికి తెలియదు. జట్టి వంశాలవారు తల గొరిగించుకొని, పిడికిలికి ముళ్లున్న వజ్రముష్టి తొడుక్కొని తలపడతారు. మైసూరు, చన్నపట్నం, చామరాజనగరం జట్టీలు ఇందులో ప్రసిద్ధులు. నియమం ఒక్కటే: ఎవరి తల మీద మొదట నెత్తురు చుక్క కనబడితే అక్కడితో పోటీ ఆపేస్తారు. ఒక్కోసారి నిమిషం కూడా పట్టదు. అక్కడ తక్కెడకు ఒకటే రాయి, నెత్తురు చుక్క. ఆధునిక బాక్సింగులో అంత సులువుగా తేలదు. అందుకే ఇన్ని పేచీలు.

మొదట మనవడి మాట తీసుకుందాం. ఓడనివాడే గొప్పవాడా? రాకీ మార్సియానో 49 పోటీలు ఆడి, 49 గెలిచి, 1956లో హెవీవెయిట్ కిరీటంతోనే ఆట మానేశాడు. మేవెదర్ 50కి 50. కాని ఆట తెలిసిన పెద్దల్లో ఎక్కువమంది మొదటి పీట ఈ ఇద్దరికీ వేయరు, షుగర్ రే రాబిన్సన్‌కు వేస్తారు. ఆయన 1940 నుంచి 1965 దాకా పాతికేళ్లు ఆడాడు. దాదాపు రెండు వందల పోటీలు. అందులో 19 ఓడాడు కూడా. ఆ ఓటముల్లో చాలా భాగం వయసు మీదపడ్డాక వచ్చినవి. మంచి వయసులో 1943లో జేక్ లామొట్టా చేతిలో ఒకసారి ఓడాక, 1951లో రాండీ టర్పిన్ ఓడించేదాకా ఎనిమిదేళ్లు ఆయన్ని ఎవరూ ఓడించలేకపోయారు. ఆ టర్పిన్‌ను కూడా రెండు నెలలు దాటగానే ఓడించి కిరీటం వెనక్కి తెచ్చుకున్నాడు.

మన బెంగళూరు వాళ్లకు దీన్ని క్రికెట్టులో చెబితే వెంటనే బోధపడుతుంది. రాహుల్ ద్రావిడ్ ఎన్నిసార్లు అవుటయ్యాడని ఎవరైనా లెక్కపెడతారా? ఎలాంటి బౌలర్ల ముందు, ఎలాంటి పిచ్ మీద, ఎంతసేపు నిలబడ్డాడన్నదే లెక్క. బాక్సింగులోనూ అంతే. సున్నా ఓటములు చూడముచ్చటైన అంకె. కాని ఆ సున్నా వెనక ఎదురుగా నిలబడిందెవరో చూడాలి.

కాబట్టి తక్కెడలో మొదటి రాయి ఎదుటివాడి బలం. అలీ గొప్ప అలీ ఒక్కడి వల్ల రాలేదు. 1964లో అందరూ భయపడే సోనీ లిస్టన్, 1971 నుంచి 1975 దాకా మూడుసార్లు తలపడిన జో ఫ్రేజియర్, 1974లో కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్. ఈ ముగ్గురూ తమంతట తాము ప్రపంచ విజేతలు. ఫోర్‌మన్ అప్పటికి ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలోనే పడగొట్టినవాడు. అలాంటివాణ్ణి 32 ఏళ్ల అలీ తాళ్లకు ఆనుకొని, దెబ్బలు కాచుకొని, అలసిపోనిచ్చి ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. అక్కడ పిడికిలి కన్నా బుర్ర ఎక్కువ పనిచేసింది.

టైసన్ విషయంలో నాన్నగార్లకు కోపం తెప్పించే మాట ఇక్కడే చెప్పాలి. 1986లో ఇరవై ఏళ్లకే హెవీవెయిట్ విజేత కావడం మాటలు కాదు. ఇప్పటికీ అంత చిన్న వయసులో ఆ కిరీటం మరెవరూ పెట్టుకోలేదు. కాని 1990లో టోక్యోలో బస్టర్ డగ్లస్ అతన్ని పడగొట్టాడు. ఆ తరువాత హోలీఫీల్డ్‌తో రెండుసార్లు, లెనాక్స్ లూయిస్‌తో ఒకసారి తలపడితే మూడూ ఓడాడు. మెరుపు చాలా గొప్పది, దాని వెలుగులో పుస్తకం చదవలేం.

రెండో రాయి, ఓడిన మర్నాడు ఏం చేశాడన్నది. 1936లో జో లూయిస్‌ను జర్మనీ బాక్సరు మాక్స్ ష్మెలింగ్ ఓడించాడు. లూయిస్ మరుసటి ఏడు ప్రపంచ విజేత అయ్యాడు. 1938లో ష్మెలింగ్‌ను మళ్లీ రింగులోకి పిలిచి, మొదటి రౌండులోనే, రెండు నిమిషాల పైన కొద్ది సెకన్లలో ముగించాడు. ఆపైన 1949 దాకా కిరీటం దించలేదు. 25 సార్లు నిలబెట్టుకున్నాడు. ఓటమిని దాచుకోకుండా మళ్లీ దాని ఎదుటికే వెళ్లడం చిన్న విషయం కాదు.

మూడో రాయి బరువు. బాక్సింగు తెలియనివారికి ఇది వింతగా ఉంటుంది. రెండు మూడు కిలోల తేడా ఏం తేడా అనుకుంటాం. కాని సన్నగా, గట్టిగా ఉన్న శరీరంలో రెండు కిలోలు తగ్గాలంటే తిండీ నీళ్లూ లెక్కపెట్టుకోవాలి. పెరిగితే తనకన్నా పెద్ద ఎముకవాడి దెబ్బ తినాలి. అందుకే ఫిలిప్పీన్స్‌కు చెందిన మానీ పాక్వియావో ఎనిమిది వేర్వేరు బరువుల్లో ప్రపంచ టైటిళ్లు గెలవడాన్ని అంత గొప్పగా చెప్పుకుంటారు.

నాలుగో రాయి డబ్బుతో తూగనిది. ఇప్పటిదాకా చెప్పినవాళ్లంతా ప్రొఫెషనల్ బాక్సర్లు. క్యూబాకు చెందిన తియోఫిలో స్టీవెన్సన్ 1972, 1976, 1980 ఒలింపిక్స్ మూడింట్లోనూ హెవీవెయిట్ బంగారు పతకం గెలిచి, ప్రొఫెషనల్‌గా మారమని పెద్ద మొత్తాలు చూపినా కదల్లేదు. అలీతో అతను తలపడితే ఎవరు గెలిచేవారో అని మా కాలంలో చేసుకున్న వాదనలకు అంతు లేదు. అలీ తన వంతుగా, వియత్నాం యుద్ధానికి వెళ్లనని 1967లో తెగేసి చెప్పి, కిరీటం పోగొట్టుకొని, మంచి వయసులో మూడేళ్లకు పైగా రింగుకు దూరమయ్యాడు. గెలుపుల పట్టికలో ఆ మూడేళ్లు ఖాళీ. మనుషుల లెక్కలో అవే ఆయన నిండు సంవత్సరాలు.

ఇప్పుడు ఈ నాలుగు రాళ్లూ పట్టుకొని మన అమ్మాయి ప్రశ్న దగ్గరకు వద్దాం.

మనదేశంలో ఈ తక్కెడకు సరితూగే పేరు మణిపూర్ మేరీ కోమ్. ఆడవాళ్ల ప్రపంచ బాక్సింగు పోటీలు మొదటిసారి 2001లో అమెరికాలో జరిగితే అక్కడ వెండి పతకం. తరువాత 2002, 2005, 2006, 2008, 2010, 2018లలో ఆరు బంగారు పతకాలు. పిల్లల తల్లి అయ్యాక కూడా అందులో మూడు గెలిచింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల బాక్సింగు చేర్చిందే 2012లో. ఆ లండన్ పోటీల్లోనే ఆమెకు కంచు పతకం వచ్చింది. ఆమె మంచి వయసులో ఉన్న పదేళ్లూ ఒలింపిక్స్ తలుపు ఆడవాళ్లకు మూసే ఉంది. పతకాలు లెక్కపెట్టేటప్పుడు ఈ సంగతి మరిచిపోకూడదు.

ఇక నిఖత్ జరీన్. 1996లో నిజామాబాదులో పుట్టింది. నలుగురు ఆడపిల్లల్లో మూడోది. తండ్రి జమీల్ అహ్మద్ గారు స్వయంగా ఆటగాడు. మొదట పరుగు పందేల్లో దించారు. మైదానంలో బాక్సింగు వైపు మగపిల్లలే కనబడటంతో, ఆడపిల్లలెందుకు లేరని ఈ పిల్ల అడిగింది. అక్కడ మొదలైంది. నిజామాబాదులో శంషాముద్దీన్ గారి దగ్గర మెలకువలు నేర్చుకుంది. ఆయన కుమారుడు హుసాముద్దీన్ కూడా 2023 ప్రపంచ పోటీల్లో కంచు పతకం తెచ్చిన బాక్సరే. ఒక మధ్యతరహా ఊరు, ఒక గురువు, ఇద్దరు అంతర్జాతీయ బాక్సర్లు. తరువాత విశాఖపట్నంలో ఐ. వెంకటేశ్వరరావు గారి శిక్షణ. వెంకటేష్ నటించిన 'గురు' సినిమా 2017లో వచ్చినప్పుడు విశాఖలో బాక్సింగా అని మనలో కొందరు ఆశ్చర్యపోయారు. అంతకు పదకొండేళ్ల ముందే, 2006లో, విశాఖకు చెందిన నాగిశెట్టి ఉష ప్రపంచ పోటీల్లో వెండి పతకం తెచ్చింది. సినిమాలు మనకు ఆలస్యంగానే కబురు చెబుతాయి.

మొదట్లో ఒకరోజు నిఖత్ మొహం వాచి, కన్ను నల్లబడి ఇంటికి వస్తే తల్లి ఏడ్చిందట, ఇక నిన్నెవరు పెళ్లి చేసుకుంటారే అని. పేరొస్తే పెళ్లికొడుకులే వరస కడతారని ఆ పిల్ల జవాబు చెప్పిందట. ఈ సంగతి ఆమే చాలాసార్లు నవ్వుతూ చెప్పింది. ఆ తల్లి భయం మాత్రం నవ్వి వదిలేసేది కాదు. అది మనందరి ఇళ్లలో ఉన్నదే.

2011లో టర్కీలోని అంతాల్యాలో, పదిహేనో ఏట, జూనియర్ ప్రపంచ విజేత అయింది. ఆ తరువాత దారి నున్నగా లేదు. 2017లో భుజం గాయం చాలాకాలం రింగుకు దూరం చేసింది. 2019లో ఒలింపిక్ అర్హత పోటీలకు మేరీ కోమ్‌నే నేరుగా పంపుతారన్న మాట వచ్చినప్పుడు, ట్రయల్ పెట్టి పంపండని నిఖత్ కేంద్ర క్రీడామంత్రికి బహిరంగంగా ఉత్తరం రాసింది. ఇరవై మూడేళ్ల పిల్ల, దేశమంతా దండం పెట్టే మనిషితో పోటీ అడిగినందుకు ఎన్ని మాటలు పడిందో! ఆ డిసెంబరులో ట్రయల్ జరిగింది. 9-1 తేడాతో మేరీ కోమ్ గెలిచింది. న్యాయమైన పోటీ అడిగింది, జరిగింది, ఓడింది. అక్కడికి చాలామంది ఈ అమ్మాయి పని అయిపోయిందనుకున్నారు.

ఇప్పుడు రెండో రాయి గుర్తు చేసుకోండి. ఓడిన మర్నాడు ఏం చేసింది? 2022 మే 19న ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో థాయ్‌లాండ్ బాక్సరు జుతమాస్ జిత్‌పాంగ్‌ను 5-0తో ఓడించి ప్రపంచ విజేత అయింది. ఈ 5-0 అంటే ఏమిటో చెబుతాను. అమెచ్యూర్ పోటీలో మూడు నిమిషాల రౌండ్లు మూడు. రింగు చుట్టూ అయిదుగురు జడ్జీలు. ప్రతి రౌండులో మెరుగ్గా ఆడినవారికి 10 పాయింట్లు, రెండోవారికి అంతకన్నా తక్కువ. 5-0 అంటే అయిదుగురూ ఒకే పేరు రాశారన్నమాట. అదే ఏడు బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడల్లో 50 కిలోలకు దిగి బంగారు పతకం గెలిచింది. 2023 మార్చిలో ఢిల్లీలో వియత్నాం బాక్సరు న్యుయెన్ థీ టామ్‌ను ఓడించి 50 కిలోల ప్రపంచ విజేత అయింది. మేరీ కోమ్ తరువాత ఒకటికి మించి ప్రపంచ టైటిళ్లు గెలిచిన భారత మహిళ ఈమే. మూడో రాయి కూడా తూగింది చూడండి, రెండూ వేర్వేరు బరువుల్లో.

మరి పారిస్? 2024 ఆగస్టు 1న రెండో పోటీలోనే చైనాకు చెందిన వూ యూ చేతిలో 0-5తో ఓడింది. రింగు పక్కన ఆ అమ్మాయి కన్నీళ్లు టీవీలో చూసి, "అంత హడావిడి చేశారు, ఏముంది?" అన్నవాళ్లు మన పరిచయాల్లోనే ఉన్నారు. వారికి కొన్ని విషయాలు చెప్పాలి. ప్రపంచ పోటీల్లో ఆడవాళ్లకు అప్పట్లో పన్నెండు బరువులుంటే పారిస్ ఒలింపిక్స్‌లో ఆరే ఉన్నాయి. 2023లో నిఖత్ 50 కిలోల విజేత అయిన పోటీల్లోనే వూ యూ 52 కిలోల విజేత. ఒలింపిక్స్‌లో 52 లేదు. ఇద్దరు ప్రపంచ విజేతలూ ఒకే 50 కిలోల గదిలోకి రావలసి వచ్చింది. పైగా నిఖత్‌కు సీడింగు లేదు. అందుకే ఫైనల్లో ఎదురుకావలసిన మనిషి రెండో పోటీలోనే ఎదురైంది. ఆ వూ యూయే చివరికి బంగారు పతకం గెలిచింది.

దీన్ని సాకుగా చెప్పడంలేదు. 0-5 అంటే 0-5. ఆ రోజు వూ యూ మెరుగైన బాక్సరు. మొదటి రాయి, ఎదుటివాడి బలం, రెండు వైపులా తూస్తుంది.

అయితే నిఖత్ సర్వకాలాల గొప్పల్లో చేరిందా? నా మట్టుకు నాకు ఇంకా చేరలేదనిపిస్తుంది. మేరీ కోమ్ పక్కన పీట వేయాలంటే ఏళ్ల తరబడి నిలకడ కావాలి, ఒలింపిక్స్ పతకం కావాలి. 2025 నవంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్స్‌లో 51 కిలోల బంగారు పతకం గెలిచి, ఆట ఇంకా అయిపోలేదని చూపించింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ నాటికి 32 ఏళ్లు నిండుతాయి. కిన్షాసాలో అలీ వయసూ అంతే. కాని తెలుగునేల నుంచి వచ్చిన బాక్సర్లలో ఈమెను మించినవారు లేరన్న మాటలో నాకు సందేహం లేదు. తాతగారూ నాన్నగారూ టీవీ కట్టేసి ఆ మాట ఒప్పుకోవాలి.

ఇక తల్లిదండ్రుల మాట. ఈ ఆటకు ఖరీదు ఉంది, అది దాచకూడదు. అలీకి 1984లో పార్కిన్సన్ జబ్బు ఉన్నట్టు తేలింది. 2016లో కన్నుమూసేదాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి. జో లూయిస్ పన్నుల బాకీల్లో కూరుకుపోయి చివరి రోజుల్లో లాస్ వేగాస్ కాసినోలో వచ్చిపోయేవారిని పలకరించే ఉద్యోగం చేశాడు. 1982లో కొరియా బాక్సరు కిమ్ డుక్ కూ రింగులో దెబ్బలకు చనిపోయాకే పదిహేను రౌండ్లు పన్నెండయ్యాయి. అమెచ్యూర్ బాక్సింగులో రౌండ్లు మూడే, ఆడపిల్లలకు తలకు రక్షణ తొడుగు ఉంటుంది. అయినా తల తలే. మీ పిల్ల నేర్చుకుంటానంటే కోచ్ ఎవరో, ఎక్కడ నేర్చుకున్నాడో అడగండి. మొదటి నెలల్లో కాళ్ల కదలిక, తాడాట, సంచి మీద గుద్దులతో సరిపెట్టే కోచ్ మంచివాడు. వచ్చిన వారానికే ఎదురెదురుగా నిలబెట్టేవాడు కాదు. తలకు దెబ్బ తగిలి తల తిరిగినా, వాంతి వచ్చినా డాక్టరు చూసేదాకా గ్లవ్స్ ముట్టనివ్వకండి.

ఈ జాగ్రత్తలన్నీ కొడుక్కీ కూతురికీ ఒకటే. తేడా ఎక్కడ వస్తోందంటే, కొడుకు బాక్సింగంటే "కోచింగు ఫీజెంత?" అని అడుగుతాం, కూతురు అంటే "ముక్కు పగిలితే ఎలా?" అని అడుగుతాం. రెండు ప్రశ్నలూ ఇద్దరికీ అడిగితే ఏ పేచీ లేదు.

చివరగా మన కార్యవర్గానికి ఒక మనవి. ఏటా సంక్రాంతి ఆటల పోటీల్లో మగపిల్లలకు పరుగు, కబడ్డీ, క్రికెట్టు పెడుతున్నాం. ఆడపిల్లలకు ముగ్గులు, చెంచాలో నిమ్మకాయ, కుర్చీలాట పెడుతున్నాం. ముగ్గులు ఉండనివ్వండి, నాకూ ఇష్టమే. వచ్చే సంక్రాంతికి ఆడపిల్లలకు వంద మీటర్ల పరుగూ కబడ్డీ కూడా చేర్చండి. మైదానం అద్దె ఎలాగూ కడుతున్నాం. నిఖత్ కూడా మొదట పరుగు పందెంతోనే మైదానంలోకి వచ్చింది. పేర్లు ఇవ్వదలచిన తల్లిదండ్రులు ఇప్పటినుంచే కార్యదర్శిగారికి చెప్పి ఉంచండి. పది పేర్లు వస్తే కాదనడానికి ఆయనకు కారణం దొరకదు.

వచ్చే సంచికలో మళ్లీ కలుద్దాం. అంతవరకు సెలవు.